శ్వాస మీద చూపు

ఈ మాసం మాకు అందిన ఉత్తరాలలో కాచిగూడ నుండి వచ్చిన ఒక ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాము. రాసినవారు ఒక యువకుడు. ఆయన తండ్రిగారికి అరవై దాటాయి. పిత్తాశయంలో రాళ్లు చేరాయి, ఆపరేషన్ తప్పదన్నారు. ముందుగా పరీక్షించడానికి వచ్చిన మత్తు డాక్టరు పెద్దాయన నోరు తెరిపించి చూసి, మెడ వెనక్కు వాల్చమని అడిగి, చివరికి గడ్డం కొంత తగ్గించుకుంటే మంచిదని సలహా ఇచ్చాడు. పెద్దాయనకు కోపం వచ్చింది. "కడుపు ఆపరేషన్‌కు గడ్డంతో పనేమిటి?" అని లేచి ఇంటికి వచ్చేశారు. అంతటితో ఆగలేదు. హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లాహి అలైహ్) కాలు కోయించుకున్నప్పుడు కూడా మత్తు పుచ్చుకోలేదని, తనకూ అక్కరలేదని పట్టుబట్టి కూర్చున్నారు. "అబ్బాకు ఏమని చెప్పమంటారు మౌలానా సాబ్?" అని కుమారుని ప్రశ్న. ఆపరేషన్ వేళ తప్పిపోయే నమాజుల సంగతేమిటని ఉత్తరం చివర మరొక ప్రశ్న కూడా ఉన్నది.

ముందు హజ్రత్ ఉర్వా విషయం చూద్దాము. ఆయన మదీనాలోని ఏడుగురు మహా ధర్మవేత్తలలో ఒకరు, హజ్రత్ జుబైర్, హజ్రత్ అస్మా (రజియల్లాహు అన్హుమా)ల కుమారుడు. ఖలీఫా వలీద్ దగ్గరకు ప్రయాణం చేసినప్పుడు ఆయన కాలు కుళ్లిపోయిందని, దాన్ని రంపంతో కోయవలసి వచ్చిందని, స్పృహ పోగొట్టే మందు ఇవ్వబోతే వద్దన్నారని, అల్లాహ్ స్మరణలోనే ఆ బాధ భరించారని చరిత్రకారులు రాశారు. ఈ వృత్తాంతాన్ని మేమూ విద్యార్థులకు చెబుతూ ఉంటాము. అయితే చెప్పేటప్పుడు ఒక సంగతిని మరువము. ఆయన దగ్గర కూర్చున్న వైద్యులు మత్తు ఇవ్వజూపారు. అంటే ఆ కాలంలో, ఆ సమాజంలో అది వింత కాదు. ఆయన వద్దన్నది తన ఓర్పు ఎంతటిదో తనకు తెలిసి. ఇతరులెవరూ పుచ్చుకోరాదని ఆయన తీర్పు చెప్పలేదు. క్లోరోఫాం పుట్టడానికి ఐదు వందల ఏళ్లకు పైగా ముందే ఇమామ్ నవవీ వంటి మహనీయులు, చెడిపోయిన అవయవాన్ని తొలగించడానికి స్పృహ పోగొట్టవలసి వస్తే అది అనుమతించబడినదేనని రాసి పెట్టారు. మత్తుపానీయం వేరు, వైద్యంలో మత్తు వేరు అని వేరు చేసి చూపినవారు వారే.

పైగా ఈ రోజుల్లో పిత్తాశయం ఆపరేషన్ మత్తు లేకుండా జరిగేది కాదు. పొట్టలోకి గాలి నింపి, చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపి చేస్తారు. అందుకు కండరాలు పూర్తిగా సడలాలి. ఓర్పు ఎంత ఉన్నా పొట్ట కండరాలను మనిషి తన ఇష్టంతో అంతగా సడలించలేడు.

ఇక గడ్డం సంగతి. ఇది అర్థం కావాలంటే మత్తు డాక్టరు చేసే పని ఏమిటో తెలియాలి. ఆయన సూది వేసి వెళ్లిపోతాడని మనలో చాలామంది అనుకుంటారు. కోసే డాక్టరు ఎవరని నలుగురిని అడిగి తెలుసుకుంటాము, మత్తు ఇచ్చేది ఎవరని అడగము. మామూలు నిద్రలో ఊపిరి తనంతట తాను ఆడుతుంది. పూర్తి మత్తులో అలా కాదు. నాలుక మొదలు వదులై గొంతులోకి వాలి దారి మూసివేస్తుంది. కండరాలు సడలే మందు పడిన తరువాత ఛాతీ కదలడమే ఆగిపోతుంది. ఆ క్షణం నుండి రోగి ఊపిరి డాక్టరు చేతిలో ఉన్న అమానతు. ఆయన గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం పంపి, ఆ ఊపిరిని తాను నడిపించాలి. ఆక్సిజన్ అందకపోతే మెదడుకు కొద్ది నిమిషాల్లోనే హాని మొదలవుతుంది.

అందుకే మందు ఇవ్వకముందే ముఖానికి మాస్కు గట్టిగా ఆనించి ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరితిత్తులు దానితో నిండి ఉంటే, గొట్టం వేయడం ఆలస్యమైనా కొన్ని నిమిషాల గడువు దొరుకుతుంది. గొట్టం ఒక పట్టాన వెళ్లకపోతే ఆ మాస్కుతోనే రోగిని నిలబెట్టాలి. ఒత్తైన గడ్డం ఉన్నచోట మాస్కు చర్మానికి అంటదు, అంచుల వెంట గాలి జారిపోతుంది. ఆ డాక్టరు అడిగింది ఇందుకు. ఆయన ఆ మాట నోటితో వివరించి ఉంటే పెద్దాయన లేచి వచ్చేవారు కాదేమో. రోగికి కారణం చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని మా అభిప్రాయం.

గడ్డం ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సున్నత్. దానిని తేలికగా తీసుకొమ్మని మేము చెప్పము. ముందు డాక్టరును వేరే ఉపాయం ఉన్నదా అని అడగాలి. గడ్డం మీద జెల్ రాసి మాస్కు ఆనించే పద్ధతి ఉన్నది, పారదర్శకమైన అంటుపొర పరిచే పద్ధతి ఉన్నది, గొంతులో కూర్చునే వేరే రకం గొట్టాలూ ఉన్నాయి. చాలామంది డాక్టర్లు వీటితో సరిపెట్టుకుంటారు. కాని ఈ రోగి విషయంలో ఇవి చాలవని, తగ్గించక తప్పదని నమ్మకమైన వైద్యుడు చెబితే, అవసరమైన మేరకే తగ్గించుకోవడానికి షరీఅత్ దారి మూయలేదు. పురుషులకు పట్టుబట్ట నిషిద్ధమైనా, ఒంటి దురద బాధించినప్పుడు ఇద్దరు సహాబీలకు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పట్టు ధరించడానికి అనుమతి ఇచ్చారని సహీహ్ హదీసులలో ఉన్నది. ఒకరు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్. రెండవవారు హజ్రత్ జుబైర్, అంటే ఉర్వాగారి తండ్రి! కుమారుని ఓర్పును చెప్పుకొనే పెద్దాయనకు తండ్రిగారు స్వీకరించిన ఆ వెసులుబాటును కూడా వినిపించమని ఉత్తరం రాసిన యువకునికి మా సలహా. నిర్ణయం మాత్రం మీ ముఫ్తీగారిని, మీ వైద్యుణ్ణి ఇద్దరినీ అడిగి తీసుకోండి.

మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద ఇంత పట్టింపు లోకానికి ఎలా వచ్చింది? ఆ కథలో ఒక పెద్ద ఘట్టం కాచిగూడకు నడక దూరంలో ఉన్న కోఠి, సుల్తాన్ బజారు, అఫ్జల్‌గంజ్ పరిసరాలతో ముడిపడి ఉన్నది.

1846లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్‌తో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి చూపారు. మరుసటి ఏడు ఎడింబరోలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలి గోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫాంతో క్షణాల్లో కన్నుమూసింది. అప్పటి నుండి వైద్యలోకం రెండుగా చీలింది. ముందు ఆగేది ఊపిరి, దాన్ని కనిపెట్టి ఉంటే చాలు అని ఎడింబరోవారు. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చు, నాడి చూడాలి అని లండన్‌వారు.

ఆ ఎడింబరో శిష్యులలో ఒకరు ఎడ్వర్డ్ లారీ. ఆయన 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి అయ్యారు. 1846లో మొదలైన ఆ పాఠశాలే నేటి ఉస్మానియా వైద్య కళాశాల. మొదటి దశాబ్దాలలో అక్కడి బోధన ఉర్దూలో సాగింది. ఉత్తీర్ణులైన వారిని హకీములనే పిలిచేవారు. ఈ సంగతి మా విద్యార్థులకు చెప్పినప్పుడు వారి కళ్లు మెరవడం మేము గమనించాము. మన భాషలలో ఆధునిక వైద్యం చెప్పడం సాధ్యం కాదనేవారు ఈ నగరం చరిత్ర చదవలేదన్నమాట.

లారీగారికి తన గురువుల మాట మీద అచంచలమైన నమ్మకం. 1888లో ఆయన ప్రోద్బలంతో హైదరాబాదులో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ప్రతిసారీ ముందు ఊపిరే ఆగిందని తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీరే ఒకరిని పంపి మళ్లీ పరీక్షించండి అని ఆ పత్రికను ఆహ్వానించారు. కాదన్నవానినే ఖర్చులు పెట్టి సాక్షిగా పిలవడం మాకు నచ్చిన విషయం. పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు 1889 అక్టోబరులో వచ్చారు. గుండె ఆగుతుందనే పక్షంవాడే ఆయన. నెలల తరబడి రెండవ కమిషన్ పని చేసింది. నాలుగు వందలకు పైగా కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు ఆ ప్రయోగాలలో వినియోగమయ్యాయి. ఆ మూగజీవాల ప్రస్తావన లేకుండా ఈ కథ చెప్పడం మాకు న్యాయమనిపించదు. దప్పికగొన్న కుక్కకు నీళ్లు పోసినవానికి క్షమాపణ దొరికిందని నమ్మే సమాజం మనది. చివరికి బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, ఊపిరే ముందు ఆగుతుందని లండన్‌కు కబురు పంపారు.

కమిషన్ చెప్పిన నియమాలు చదివితే మన ఇంటి పెద్దవారు చెప్పిన జాగ్రత్తల్లా ఉంటాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, ఛాతీ, పొట్ట మీద బిగుతు బట్టలు ఉండరాదు. పక్కనున్నవారు ఎవరూ రోగి ఛాతీ మీద, పొట్ట మీద బరువు మోపరాదు. మత్తు ఇచ్చేవాని దృష్టి అంతా శ్వాస మీదనే ఉండాలి. అది ఒక్క క్షణం ఆటంకపడినా కారణం వెదికి తొలగించాలి, నాలుకను ముందుకు లాగి దారి చేయాలి. మత్తు ఇచ్చేవాడు ఆ ఒక్క పని తప్ప వేరే పని పెట్టుకోరాదన్న క్రమశిక్షణ అక్కడ బలపడింది.

అయితే హైదరాబాదు చెప్పినదంతా నిజం కాలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అనే శాస్త్రజ్ఞుడు, తేలిక క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లుల గుండె హఠాత్తుగా లయ తప్పి వణికి ఆగిపోగలదని నిరూపించాడు. భయం, నొప్పి పుట్టించే ఉద్వేగం దానికి తోడవుతుంది. అంటే ఊపిరిని చూడమన్నది సరైన మాట, నాడిని చూడనక్కరలేదన్నది తప్పు మాట. లారీగారు తన పక్షాన్ని చివరిదాకా వదలలేదు. సత్యంలో సగం చేతికి దొరికినప్పుడు అదే పూర్తి సత్యమనుకోవడం పండితులకు ఎక్కువగా వచ్చే జబ్బు. మదరసాలోనూ దాన్ని మేము చూస్తూనే ఉంటాము. ఆ తరువాత కాలేయానికి కూడా చేటని తెలిసి, క్లోరోఫాం వాడుక క్రమంగా పోయింది. ఈనాటి ఆపరేషన్ థియేటరులో వేలికి తగిలించిన చిన్న పరికరం రక్తంలో ఆక్సిజన్‌ను చూపుతుంది, మరొక యంత్రం బయటికి వచ్చే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపి, గొట్టం అన్ననాళంలోకి కాక శ్వాసనాళంలోకే వెళ్లిందని రుజువు చేస్తుంది, ఇంకొకటి గుండె లయ గీస్తుంది. హైదరాబాదు చెప్పినదీ లండన్ చెప్పినదీ రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయన్నమాట.

లారీగారి విద్యార్థులలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఉండేది. 1885లో ఆ పాఠశాలలో చేరిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. చదువు ముగించి క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని ఆమెను చెప్పుకుంటారు. నేడు సుల్తాన్ బజారు ప్రసూతి దవాఖానాగా ఉన్న అప్పటి రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోను ఆమె పని చేసింది. మరింత నేర్చుకోవడానికి ఎడింబరోకు వెళ్లి వచ్చింది. గోషా పాటించే ఇళ్ల స్త్రీలకు అలాంటి వైద్యురాలు ఎంత అవసరమో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. బిడ్డకు వైద్యవిద్యలో సీటు వచ్చినా పంపాలా వద్దా అని మమ్మల్ని అడిగే తండ్రులకు మేము ఆమె పేరు చెబుతాము, యుద్ధాలలో గాయపడినవారికి సేవ చేసిన హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ పేరు అంతకంటే ముందు చెబుతాము.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. కనిపెట్టి చూసేవాడు ఎంత నిపుణుడైనా, మనం దాచినదాన్ని చూడలేడు. మా ఎరుకలో జరిగిన ఒక సంగతి చెబుతాము. ఒక యువకునికి చెయ్యి విరిగింది. గుట్కా నములుతావా అని మత్తు డాక్టరు అడిగితే, పక్కన తండ్రి ఉన్నాడని లేదన్నాడు. థియేటరులో చూస్తే నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోలేదు. ఆ డాక్టరు తెలివిగలవాడు, మందు ఇవ్వకముందే నోరు మరోసారి చూశాడు కనుక ఆపి, వేరే దారి ఎంచుకున్నాడు. వక్క, గుట్కా ఏళ్ల తరబడి నమిలేవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి దవడ బిగుసుకుపోతుంది. పెద్దవారు తమ మూడు వేళ్లు నిలువుగా పేర్చి పళ్ల మధ్య పెట్టి చూసుకోవచ్చు. పట్టకపోతే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. ఊడే పన్ను, కట్టుడు పళ్లు, ఉబ్బసం, నిద్రలో ఊపిరి ఆగుతూ పెద్దగా గురక పెట్టడం, మునుపటి ఆపరేషన్‌లో మత్తు ఇబ్బంది కలగడం, ఇవన్నీ చెప్పవలసినవే. తండ్రి ముందు చెప్పలేనిది ఒంటరిగా చెప్పడానికి అవకాశం అడగాలి. గోళ్ల రంగు, నల్లని మెహందీ వేలి పరికరాన్ని తికమక పెట్టవచ్చు. పెళ్లింటి నుండి నేరుగా దవాఖానాకు వచ్చే ఆడవారు గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. గొట్టం వేయడానికి ముందు కండరాలు సడలించే స్కోలిన్ అనే మందు మామూలుగా పది నిమిషాల లోపలే దిగిపోతుంది. దాన్ని విరిచే ఒక పదార్థం రక్తంలో పుట్టుకతోనే లేనివారు కొందరుంటారు. వారికి ఆ మందు పడితే గంటల తరబడి ఊపిరి తీయలేరు. అంతసేపూ యంత్రంతో ఊపిరి అందిస్తే ప్రమాదం ఉండదు, తెలియక గొట్టం తీసేస్తేనే ప్రమాదం. మన పొరుగున ఉండే వైశ్య సోదరులలో ఈ లోపం ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు గుర్తించారు. తరతరాలుగా తమలో తాము వియ్యమందడం దీనికి ఒక కారణం. మన ఇళ్లలో చిన్నాన్న బిడ్డను, మేనత్త బిడ్డను చేసుకోవడం మామూలే కదా! షరీఅత్ దాన్ని అనుమతించింది, మేము తప్పుపట్టడం లేదు. కాని అటువంటి కుటుంబంలో ఎవరైనా ఆపరేషన్ తరువాత చాలాసేపు మేలుకోలేదని, యంత్రం మీద ఉంచవలసి వచ్చిందని నానీ, దాదీలకు గుర్తుంటే ఆ మాట మనుమల దాకా చేరాలి. రక్తపరీక్షతో ఆ లోపాన్ని తెలుసుకోవచ్చు.

ఖాళీ కడుపు మాట అందరూ వింటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. మత్తులో అన్ననాళం మూత వదులై, కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తులలో పడుతుంది. సాధారణంగా ఘనాహారం ఆరు గంటల ముందు, నూనె, మాంసం ఉన్న భోజనం ఎనిమిది గంటల ముందు ఆపాలంటారు. మంచినీరు రెండు గంటల ముందు వరకు, తల్లిపాలు నాలుగు గంటల ముందు వరకు ఇస్తారు. మీ డాక్టరు చెప్పిన వేళే మీకు ప్రమాణం. పాలు కలిపిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు. పిల్లవాడు ఏడుస్తున్నాడని దవాఖానా మెట్ల మీద బిస్కెట్ పెట్టే నానమ్మ ప్రేమను మేము అర్థం చేసుకోగలము. పెట్టినట్లయితే ఆ సంగతి దాచకుండా చెప్పమని మాత్రం ఆమెను వేడుకుంటాము. ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కు జరుగుతుంది, అంతే.

ఇదే కారణంతో మరొక అలవాటు గురించి చెప్పాలి. రోడ్డు మీద పడిపోయి స్పృహ లేనివాని నోట్లో నీళ్లు పోయడం పుణ్యమని మన వీధులలో అనుకుంటారు. స్పృహ లేనివాడు మింగలేడు. ఆ నీరు ఊపిరితిత్తులలోకి దిగుతుంది. ఊపిరి ఆడుతున్నదా అని ఛాతీ చూడండి. ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడ్డం కింద చెయ్యి పెట్టి కాస్త పైకెత్తితే నాలుక దారి వదులుతుంది, 108కి ఫోన్ చేయండి. గుమిగూడినవారిని దూరం జరపండి. అవసాన దశలో ఉన్నవారి పెదవులు జమ్ జమ్‌తో తడపడం వేరు, అక్కడ కూడా తడి పెదవులకే పరిమితం కావాలి, గొంతులోకి పోయరాదు.

ఇక ఉత్తరంలోని చివరి ప్రశ్న. మత్తులో ఉన్నంతసేపు తప్పిపోయిన నమాజులను మేలుకున్న తరువాత ఖజా చేసుకోవాలి. తనంతట వచ్చిన జబ్బుతో స్పృహ పోవడానికి, మందుతో పోగొట్టడానికి హనఫీ ధర్మవేత్తలు తేడా చూపారు, కనుక ఆపరేషన్ ఎంతసేపు సాగినా మత్తులో తప్పిన నమాజు బాకీగానే నిలుస్తుంది. ఉదయం ఆపరేషన్ అయితే ఫజ్ర్ చదువుకొని వెళ్లండి. తిరిగి వచ్చాక తల తిరుగుతుంటే, కుట్లు లాగుతుంటే, లేవనక్కరలేదు. నీళ్లు తగలరాదన్నచోట తయమ్ముమ్ చేసి, పడుకునే తలతో సైగ చేస్తూ చదువుకోవచ్చు. మెలకువ పూర్తిగా రాకముందు, మాటలు తడబడుతున్నప్పుడు మొదలుపెట్టకండి, చదువుతున్నదేమిటో తెలిసేంత స్పృహ రానివ్వండి. పక్కన ఉన్న కొడుకు వేళలు ఒక కాగితం మీద రాసి ఉంచితే, ఏ పూటలు బాకీ పడ్డాయో అబ్బాకు లెక్క తప్పదు.